బలురక్కసిని ఆనవాలు పట్టడం ఎలా?

బ్రహ్మదండి అనే పేరు మన పల్లెలలోను, మూలికల అంగళ్లలోను ఒక్క మొక్కకే పరిమితమై లేదు. ముండ్లున్న రెండు మూడు మొక్కలను జనులు ఆ పేరుతోనే పిలుస్తారు. వీటిలో ఒకటి విషపూరితం. అదే బలురక్కసి. ఆకు కుసుమాకును పోలి ఉండుటచేత కొన్ని చోట్ల దీనిని పిచ్చి కుసుమ అని కూడా అంటారు. బీళ్లలో, కాలువ గట్లపై, బాటల పక్క తవ్విపోసిన మట్టిలో ఇది విరివిగా మొలుస్తుంది. పశువులు దీనిని ముట్టవు.

ఇది నిలువుగా రెండు మూడు అడుగులు పెరుగుతుంది. ఆకులు నీలిబూడిద ఛాయగల ఆకుపచ్చన. ఈనెల వెంట తెల్లని చారలు, అంచులలో ముండ్లు ఉంటాయి. ఆకుకు తొడిమ లేదు. మొదలు కాండాన్ని కౌగిలించుకొని ఉంటుంది. పువ్వు పసుపుపచ్చన, రేకులు నాలుగు నుండి ఆరు, నడుమ కీలాగ్రం ఎర్రన. కాయ కూడా ముండ్లతోనే ఉండి, ఎండినపుడు కొనవైపు పగులుతుంది. అన్నిటికంటె నమ్మదగిన గురుతు మరొకటున్నది: కాడను తుంచగానే పసుపుపచ్చని పాలు కారుతాయి. ఇది చూడక మూలికను సంచిలో వేసుకొనరాదు.

ఉష్ట్రకంటకమనే ముండ్ల మొక్కకు ఈ పసుపు పాలు లేవు. దాని పూలు గుండ్రని ముండ్లబంతివలె ఉంటాయి. ఆకు అడుగున దూది వంటి తెల్లని నూగు ఉంటుంది. కాలేయానికి మంచిదని నేడు పేరుపొందిన మిల్క్ తిజిల్ ఆకులకును తెల్లని చారలుంటాయి గాని, దాని పూలు ఊదారంగువి. చారలను మాత్రమే చూచి మోసపోవద్దు.

చరక సంహితలోని భేదనీయ గణంలో స్వర్ణక్షీరిణి పేరున్నది. పసుపు పాలను చూచి బలురక్కసియే అది అని పలువురు తలచారు. కాని ఈ మొక్క జన్మస్థానం మెక్సికో, ఆ చుట్టుపట్ల ప్రదేశాలు. 1492లో కొలంబస్ సముద్రయానానికి తరువాతనే అమెరికా మొక్కలు మన దేశానికి చేరినవి. చరకుని కాలంలో ఇది ఇక్కడ లేదు. లేని మొక్కను ఆయన ఎట్లు చెప్పగలడు? కావున ప్రాచీన యోగాలలో స్వర్ణక్షీరి అన్న చోట బలురక్కసిని వేయుట నాకు సమ్మతం కాదు. వృక్షశాస్త్రరీత్యా ఇది నల్లమందు మొక్కకు జ్ఞాతి.

అసలు ప్రమాదం విత్తనంలో ఉన్నది. చూపునకు ఇది ఆవగింజను పోలి ఉంటుంది. ఆవాలతో కలిసి గానుగలో పడితే నూనె విషమవుతుంది. సాంగ్వినరిన్ అనే ద్రవ్యమే అందుకు మూలం. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె వలన 60 మందికి పైగా మరణించారు. మన ఇండ్లలో ఆవనూనె వాడకం తక్కువే గాని, పోపునకు, ఆవకాయకు ఆవాలు కావలసిందే. చిల్లరగా ఆవాలు కొనేవారు పళ్లెంలో పోసి చూడాలి. ఆవగింజ నునుపుగా ఉంటుంది. దీని గింజ గరుకుగా, వలవంటి గుంటలతో ఉంటుంది. వ్రేళ్లతో నలిపితే ఆవగింజ లోపల పసుపు, దీని లోపల తెలుపు.

ఈ విషం సోకిన వారికి రెండు కాళ్లూ వాచి, నొక్కితే గుంట పడుతుంది. చర్మం ఎర్రబారుతుంది, విరేచనాలు, ఆయాసం కలుగుతాయి. గుండె దెబ్బ తినవచ్చు, కంటిలో ఒత్తిడి పెరుగవచ్చు. ఒకే నూనె వాడిన ఇంటిలో పలువురికి ఒక్కసారిగా కాళ్లు వాచినప్పుడు దీనిని తప్పక అనుమానించాలి. కషాయాలతో కాలయాపన చేయక, ఆ నూనెను వెంటనే మానిపించి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

కండ్లకలకకు దీని పాలు వేయించుకొన్న వారు నా వద్దకు వస్తూనే ఉన్నారు. ఆ పని ఎంతమాత్రం తగదు. ఒంటికి పట్టించే నూనెగా కూడా వద్దు. కల్తీ నూనెతో మర్దన వలన సైతం ఈ వ్యాధి వచ్చిన దాఖలాలున్నవి. పొలంలో కనబడితే కాయ పగులక ముందే, చేతికి మందపు గుడ్డ చుట్టుకొని వేరుతో సహా పెరికివేయండి.