ఈ వారం పాఠం: చప్పుడు వింటే వెలిగే లైటు – పురుగుల షెడ్డుకి మనమే చేసుకునే స్విచ్



పోయిన వారాలు తెగుళ్లు, ఆకు నాణ్యత గురించి చూశాం. ఈసారి కొంచెం వేరే పాఠం. చదువుకునే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, వాళ్లకి ఇంకా బాగా పడుతుంది.

ఇది ఎందుకు?

నాలుగో జ్వరం లేచిన పురుగుకి రాత్రి మేత వేసే వేళ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. షెడ్డు గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచి, చేతులు కడుక్కుంటాం. ఆ తడి చేత్తోనే స్విచ్ నొక్కుతాం. ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, తడి చేతికి షాక్ కొట్టే ప్రమాదం. రెండు, ఆ స్విచ్ మీద ఇంటిల్లిపాది చేతులూ పడతాయి. కడిగిన చెయ్యి మళ్లీ అక్కడ మైల పడితే కడిగినందుకు ఫలమేముంది? అదే చేత్తో ఆకు పట్టుకుని పురుగు మీద వేస్తాం.

స్విచ్ ముట్టుకోకుండానే లైటు వెలిగితే రెండు బాధలూ తప్పుతాయి. ఒక చప్పట చాలు. సుమారు రెండు నిమిషాలు వెలిగి దానంతట అదే ఆరిపోతుంది. అప్పటికి చెయ్యి ఆరుతుంది. ఎక్కువ సేపు పని ఉంటే పొడి చేత్తో పెద్ద లైటు వేసుకోవచ్చు, లేదా మళ్లీ ఒక చప్పట కొట్టవచ్చు.

ఎలా పని చేస్తుంది?

చప్పుడు అంటే గాలిలో అదురు. మైక్ ఆ అదురుని చాలా చిన్న కరెంటు అలగా మారుస్తుంది. మొదటి ట్రాన్సిస్టర్ ఆ అలని పెద్దది చేస్తుంది. రెండో ట్రాన్సిస్టర్ కాపలావాడు. అల తగినంత పెద్దదైతేనే తలుపు తీస్తాడు. తలుపు తీయగానే 555 అనే ఐసీ లెక్క మొదలుపెడుతుంది. 1972లో మార్కెట్లోకి వచ్చిన ఈ ఐసీ ఇప్పటికీ ప్రతి ఎలక్ట్రానిక్ అంగట్లోనూ చవకగా దొరుకుతుంది. లెక్క నడిచినంతసేపు మూడో ట్రాన్సిస్టర్ రిలేని పట్టి ఉంచుతుంది, రిలే లైటుని వెలిగిస్తుంది.

కావలసిన సామాన్లు

బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అన్నీ దొరుకుతాయి. ఊళ్లో టీవీ రిపేరు అంగడిలో అడిగినా చాలామటుకు ఉంటాయి.

• కండెన్సర్ మైక్ – 1
• బీసీ 547 ట్రాన్సిస్టర్లు – 3
• 555 ఐసీ, 8 కాళ్ల సాకెట్ – ఒక్కొక్కటి
• రెసిస్టర్లు: 470 ఓం 1, 2.2 కిలో ఓం 1, 4.7 కిలో 1, 10 కిలో 2, 470 కిలో 1, 1 మెగా 1
• 100 కిలో ప్రీసెట్ – 1
• కెపాసిటర్లు: 0.1 మైక్రోఫారడ్ (మీద 104 అని ఉంటుంది) 2, 0.01 (103 అని ఉంటుంది) 1, 100 మైక్రోఫారడ్ 1, 220 మైక్రోఫారడ్ 1. చివరి రెండూ 25 వోల్టులవి
• 1ఎన్4007 డయోడ్ – 1
• 12 వోల్టుల రిలే, 12 వోల్టుల డీసీ అడాప్టర్, చిల్లుల బోర్డు, ప్లాస్టిక్ డబ్బా

కాళ్లు గుర్తుపట్టడం

బీసీ 547 చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి పెట్టండి. ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 555 మీద గంటు పైకి పెడితే ఎడమ పైన 1. ఎడమవైపు కిందికి 4 దాకా, కుడివైపు కింది నుంచి పైకి 5 నుంచి 8 దాకా లెక్క. మైక్ రెండు కాళ్లలో దాని లోహపు ఒంటికి అంటుకున్నది నెగటివ్.

కలిపే వరుస

1. అడాప్టర్ పాజిటివ్ నుంచి 470 ఓం రెసిస్టర్ పెట్టండి. దాని రెండో కొస నుంచి నెగటివ్‌కి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఈ కొసని ‘శుభ్రమైన పాజిటివ్’ అనుకుందాం. మైక్‌కీ మొదటి ట్రాన్సిస్టర్‌కీ ఇక్కడి నుంచే కరెంటు.

2. శుభ్రమైన పాజిటివ్ నుంచి మైక్ పాజిటివ్‌కి 10 కిలో ఓం. మైక్ నెగటివ్ కాలు నెగటివ్‌కి.

3. మైక్ పాజిటివ్ నుంచి 104 కెపాసిటర్ ద్వారా మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కి. దాని కలెక్టర్‌కి శుభ్రమైన పాజిటివ్ నుంచి 4.7 కిలో. కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య 1 మెగా. ఎమిటర్ నెగటివ్‌కి.

4. ఆ కలెక్టర్ నుంచి రెండో 104 కెపాసిటర్ ద్వారా ప్రీసెట్ ఒక చివరి కాలికి. రెండో చివరి కాలు నెగటివ్‌కి. నడిమి కాలు రెండో ట్రాన్సిస్టర్ బేస్‌కి. దాని ఎమిటర్ నెగటివ్‌కి.

5. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ని 555 రెండో కాలికి కలపండి. అక్కడి నుంచే 12 వోల్టుల పాజిటివ్‌కి 10 కిలో.

6. 555లో 8, 4 కాళ్లు పాజిటివ్‌కి, 1 నెగటివ్‌కి. 5వ కాలు నుంచి 103 కెపాసిటర్ నెగటివ్‌కి. 6, 7 కాళ్లు రెండూ కలిపి, అక్కడి నుంచి పాజిటివ్‌కి 470 కిలో, నెగటివ్‌కి 220 మైక్రోఫారడ్.

7. 555 మూడో కాలు నుంచి 2.2 కిలో ద్వారా మూడో ట్రాన్సిస్టర్ బేస్‌కి. ఎమిటర్ నెగటివ్‌కి. రిలే కాయిల్ ఒక కొస కలెక్టర్‌కి, ఇంకొకటి పాజిటివ్‌కి. కాయిల్‌కి అడ్డంగా డయోడ్, గీత ఉన్న వైపు పాజిటివ్‌కి. ఈ డయోడ్ మరిస్తే రిలే వదిలిన దెబ్బకి ట్రాన్సిస్టర్ పోతుంది.

పెద్ద కెపాసిటర్ల మీద మైనస్ గుర్తున్న కాలు ఎప్పుడూ నెగటివ్‌కే.

ఎంతసేపు వెలుగుతుంది?

లెక్క సులువు. 1.1 × ఓంలు × ఫారడ్‌లు. 1.1 × 4,70,000 × 0.00022 అంటే దాదాపు 114 సెకన్లు. కెపాసిటర్లు అచ్చు లెక్కకి ఉండవు కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. సగం సమయం చాలంటే 220 తీసి 100 మైక్రోఫారడ్ పెట్టండి.

ముందు పరీక్ష, తర్వాతే లైటు

ఇంటి కరెంటు తగిలించకుండా 12 వోల్టుల మీదే పరీక్ష చెయ్యండి. ఆన్ చెయ్యగానే రిలే ఒకసారి తనంతట తానే పట్టుకోవచ్చు, అది తప్పు కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడూ అంతే. అది వదిలేదాకా ఆగి, మీటరుతో మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ చూడండి. 5, 6 వోల్టుల చుట్టూ ఉండాలి. దాదాపు 12 గానీ సున్నా గానీ చూపితే కాళ్లు తారుమారయ్యాయని అర్థం. ఇప్పుడు చప్పట కొట్టండి. రిలే టక్ మంటే పని అయినట్టే. ప్రీసెట్ తిప్పి, రెండు మూడు గజాల దూరం నుంచి గట్టి చప్పటకి పలికేలా, మాటలకి పలకకుండా పెట్టుకోండి.

నేను మొదట చేసినప్పుడు లైటు వెలిగింది గానీ ఆరలేదు. రాత్రంతా కూర్చుని ఐసీ మార్చాను, కెపాసిటర్ మార్చాను. తెల్లారి తెలిసింది: రెండు నిమిషాలకి రిలే వదిలేటప్పుడు వచ్చే టక్ చప్పుడునే మైక్ మళ్లీ చప్పట అనుకుంటోంది! రిలేనీ మైక్‌నీ దూరంగా పెట్టి, మైక్ చుట్టూ స్పాంజి ముక్క చుట్టాక కుదిరింది. మీరు ఆ రాత్రి పోగొట్టుకోవద్దు.

ఇంటి కరెంటు కలపడం

ఈ ఒక్క పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఫేజు తీగ ఫ్యూజు నుంచి రిలే కామన్‌కి, రిలే ఎన్‌ఓ కాలు నుంచి బల్బుకి. న్యూట్రల్ నేరుగా బల్బుకి. 230 వోల్టుల తీగలు 12 వోల్టుల తీగలని తాకకూడదు. డబ్బా మూత స్క్రూలతో బిగించాలి. చేతులు కడిగే చోట నీళ్లు చిమ్మినా అందనంత ఎత్తులో పెట్టాలి.

దేనికి వాడకూడదు?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. హీటరుకి, తేమ యంత్రానికి, మోటారుకి ఈ స్విచ్ వద్దే వద్దు. దీనికి చప్పట ఏదో, ఉరుము ఏదో తెలియదు. గట్టి చప్పుడు ఏదైనా ఒకటే. రేకుల మీద పెద్ద వాన పడితే లైటు వెలుగుతూనే ఉంటుంది. బల్బు అయితే నష్టం లేదు. అదే హీటరు అయితే? ఐదో దశ పురుగుకి 24 డిగ్రీలు, 70 శాతం తేమ దగ్గర ఉంచాలని మనం పాట్లు పడతాం. అర్ధరాత్రి వాన చప్పుడుకి హీటరు వెలిగి తెల్లవార్లూ కాలిందంటే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

లైటు కూడా 9 వాట్ల ఎల్‌ఈడీ చాలు, గుమ్మం వైపే. పురుగుకి మసక వెలుతురే హాయి.

ఇంకో మాట. సున్నం, పడక మందు దుమ్ము మైక్ రంధ్రం మూసేస్తుంది, పలచటి గుడ్డ కట్టండి. పంట అయ్యాక షెడ్డుకి మందు కొట్టేముందు మెయిన్ ఆపి డబ్బా విప్పి బయట పెట్టండి. బ్లీచింగ్ ఆవిరికి రాగి తీగలు పచ్చబడి తినేస్తాయి.

“రెండు చేతుల్లో ఆకుకట్ట ఉంటే చప్పట ఎట్లా కొట్టేది?” అని అడుగుతారు. కొట్టక్కర్లేదు. గట్టిగా ఒక్క “హోయ్” అనండి, వెలుగుతుంది.

చేసినవాళ్లు బోర్డు ఫోటో రెండువైపులా తీసి గ్రూపులో పెట్టండి. పలకకపోతే కలెక్టర్ దగ్గర ఎన్ని వోల్టులు చూపుతోందో కూడా రాయండి, తప్పు ఎక్కడుందో కలిసి వెతుకుదాం.