పేట మున్సిపాలిటీ పద్దు: అడిగే హక్కు ఎవరిది, ఎంతవరకు?

ప్రశ్న: మాది చిలకలూరిపేట. మా వీధిలో స్పిన్నింగు మిల్లు పనివాళ్లం ఎక్కువ. కరోనా వచ్చాక మున్సిపాలిటీలకు వైద్యానికి, నీళ్లకు, పారిశుధ్యానికి కేంద్రం నుంచి నిధులు వచ్చాయని విన్నాం. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో ఊళ్లోవాళ్లను అడగాలని చట్టంలో ఎక్కడైనా ఉందా? అడగకుండా ఖర్చు పెడితే మేం కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: అమ్మా, మీరు అడిగినదాంట్లో రెండు సంగతులున్నాయి. ఖర్చు పెట్టేముందు జనాన్ని అడగాలా అన్నది ఒకటి. ఖర్చు గురించి జనం అడిగితే చెప్పి తీరాలా అన్నది రెండోది. మొదటిదాంట్లో మన చట్టం బలహీనంగా ఉంది, రెండోదాంట్లో గట్టిగా ఉంది. గట్టిగా ఉన్నదాన్ని ముందు వాడుకోండి. లెక్క చేతికొచ్చాక మీరు చెప్పే అభిప్రాయానికి బరువు వస్తుంది.

ముందు ఆ నిధులేమిటో చూద్దాం. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పనిచేసిన 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని పంచాయతీలకు, మున్సిపాలిటీలకు కలిపి 4,36,361 కోట్ల రూపాయల గ్రాంట్లు సిఫారసు చేసింది. అందులో పట్టణ సంస్థలకు నేరుగా 1,21,055 కోట్లు. వీధి స్థాయి వైద్యం ఎంత పల్చగా ఉందో కరోనాలో అందరం చూశాం. సంఘం నివేదిక తయారైందీ ఆ రోజుల్లోనే. అందుకే స్థానిక సంస్థల ద్వారా ప్రాథమిక వైద్యానికని విడిగా 70,051 కోట్లు కేటాయించింది. ఇందులో పట్టణాల వాటా 26,123 కోట్లు. పట్టణ ఆరోగ్య కేంద్రాలకు, వాటిలో రక్తపరీక్షల వంటి సదుపాయాలకు ఈ డబ్బు ఉద్దేశించారు.

ఇక 2021-26లో పేట లాంటి, పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు వచ్చిన మామూలు గ్రాంటులో నూటికి అరవై రూపాయలు షరతుతో వచ్చాయి. ముప్పై పారిశుధ్యానికి, చెత్త నిర్వహణకు. ముప్పై తాగునీటికి, వాననీటి నిల్వకు. దీన్నే ఆఫీసుల్లో టైడ్ గ్రాంటు అంటారు. మిగిలిన నలభై అన్‌టైడ్. ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు, ఆఫీసు ఖర్చులకు మాత్రం వాడకూడదు. ఇంకో షరతు కూడా ఉంది. మున్సిపాలిటీ తన లెక్కల్ని, ఆడిట్ అయిన లెక్కల్ని ఆన్‌లైన్‌లో అందరికీ కనపడేలా పెట్టాలి. పెట్టకపోతే గ్రాంటుకే అర్హత ఉండదు. అంటే ఆ లెక్క మీకు చూపించడం ఎవరో దయతలచి చేసే పని కాదు. డబ్బు రావడానికే అది షరతు.

ఊరి అవసరం అన్నాం. మరి ఆ అవసరమేమిటో ఎవరు చెప్పాలి? ఇక్కడే చట్టం మనల్ని సగంలో వదిలేసింది.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. వార్డు కమిటీలు ఉండి తీరాలని 243-ఎస్ అధికరణ చెబుతుంది. కాకపోతే మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే. 2011 లెక్కల ప్రకారం చిలకలూరిపేట జనాభా 1,01,398. కాబట్టి రాజ్యాంగం నేరుగా మీకిచ్చే వార్డు కమిటీ లేదు. పక్కనే యడ్లపాడు, నాదెండ్ల మండలాల్లో మిరప, పత్తి పండించే పల్లెల సంగతి చూడండి. అక్కడ ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. 243-ఎ అధికరణ ఆ సభను గుర్తించింది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనుల మీద మాట్లాడుకున్నారు. పల్లెలో ఉన్నంతకాలం సభలో లేచి మాట్లాడగలిగిన మనిషికి, మిల్లు పనికోసం పేటకు వచ్చి స్థిరపడ్డాక ఆ అవకాశం రాజ్యాంగంలో దొరకదు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మూడు లక్షల గీతను కిందికి దించాలి.

రాష్ట్ర చట్టం కొంత నయం. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం (కేంద్ర పట్టణ పునరుద్ధరణ) పథకం నడిచిన రోజుల్లో, కేంద్రం పెట్టిన షరతు మేరకు, మన మున్సిపల్ చట్టాల్లోకి వార్డు కమిటీలు, ఏరియా సభల మాట వచ్చింది. మీ వార్డులో అలాంటి కమిటీ ఏర్పడిందో లేదో, ఏర్పడితే ఎప్పుడు కూర్చుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. వార్డు సచివాలయం ఉంది కదా అనుకోవద్దు. 2019లో మొదలైన సచివాలయాల్లో ఉన్నది ఉద్యోగులు. అర్జీ తీసుకుంటారు, సేవ అందిస్తారు. జనం కూర్చుని ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకునే సభ అది కాదు.

జనాన్ని అడగడం మన మున్సిపాలిటీలకు బొత్తిగా తెలియని పనీ కాదు. కరోనా ఏడాది 2020లో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం కొన్ని సంస్కరణలు షరతుగా పెట్టింది. పట్టణాల్లో ఆస్తి పన్నును మార్కెట్ విలువతో ముడిపెట్టడం వాటిలో ఒకటి. ఆంధ్రప్రదేశ్ 2020 చివర్లో చట్టం సవరించింది. ఈ పట్టణ సంస్కరణలు ముందుగా పూర్తిచేసిన రెండు రాష్ట్రాల్లో ఒకటిగా 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి పొందింది. మరుసటి ఏడాది మున్సిపాలిటీలు కొత్త పన్ను విధానం మీద అభ్యంతరాలుంటే చెప్పమని జనాన్ని కోరాయి. పన్ను వేసేముందు మన అభిప్రాయం అడిగే పద్ధతి ఉన్నప్పుడు, ఆ పన్నునూ, దాని వెంట వచ్చిన గ్రాంటునూ ఖర్చు పెట్టేముందు ఎందుకు ఉండకూడదు? కౌన్సిలర్ ఓటు అడగడానికి మీ గడపలోకి వచ్చినప్పుడు ఈ ప్రశ్న వెయ్యండి.

బయట ఎలా జరుగుతోందో కూడా తెలుసుకోవాలి. 2021 మార్చిలో అమెరికా ప్రభుత్వం కరోనా నుంచి కోలుకోవడానికి రాష్ట్రాలకు, నగరాలకు, కౌంటీలకు 35,000 కోట్ల డాలర్లు ఇచ్చింది. రెండున్నర లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలు ఏటా ఒక నివేదిక ప్రచురించాలన్నారు. ఆ డబ్బు వాడకంలో జనం మాట ఎలా తీసుకున్నారో అందులో రాయాలి. చాలా నగరాలు సర్వేలు, బహిరంగ సభలు పెట్టాయి. అక్కడ ఉంటున్న మన పిల్లల్లో కొందరు వాటిలో జవాబులు రాసే ఉంటారు. ఇవన్నీ మనవల్ల కావని అనుకోనక్కర్లేదు. 2006 నుంచి పుణే నగరపాలక సంస్థ తన బడ్జెట్‌లో కొంత భాగానికి జనం దగ్గర నుంచే పనుల ప్రతిపాదనలు తీసుకుంటోంది. బెంచీలు, ఫుట్‌పాత్‌లు, వీధి దీపాలు లాంటివి వార్డు ఆఫీసులో కాగితం ఇచ్చి అడుగుతారు.

కరోనా డబ్బు దారితప్పితే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి 1,100 కోట్ల రూపాయలను వ్యవసాయ శాఖ పీడీ (వ్యక్తిగత డిపాజిట్) ఖాతాలకు మళ్లించారని తెలుగుదేశం నాయకుడు పల్లా శ్రీనివాసరావు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కరోనాతో చనిపోయినవారి కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం వెళ్లాల్సింది ఆ నిధి నుంచే. 2022 జులై 18న జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ బి.వి. నాగరత్నల ధర్మాసనం ఆ డబ్బును రెండు వారాల్లో తిరిగి విపత్తు నిధిలో జమ చేయమని రాష్ట్రాన్ని ఆదేశించింది. గమనించండి, కోర్టు కదిలింది డబ్బు ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పోయిందన్న కాగితం ఉండబట్టి. ‘మమ్మల్ని అడగలేదు’ అన్న ఒక్క మాటతో వెళితే న్యాయమూర్తి ఏ చట్టం కింద అని అడుగుతారు. ‘నీళ్లకని వచ్చిన డబ్బు ఇంకోదానికి పోయింది, ఇదిగో లెక్క’ అంటే వినక తప్పదు.

ఆ కాగితం సంపాదించే దారి సమాచార హక్కు చట్టం, 2005. ఇందులో సెక్షన్ 4 సంగతి చాలామందికి తెలియదు. ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన బడ్జెట్‌నూ, ఖర్చు చేయబోయేదాన్నీ, చెల్లించినదాన్నీ ప్రచురించాలని ఆ సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్‌లో 4(1)(బి)లోని ఏడో అంశం అచ్చంగా మీ ప్రశ్నే. విధానాల తయారీలో, అమలులో ప్రజలను సంప్రదించడానికి ఏ ఏర్పాటు ఉందో ఆ వివరాలు ప్రకటించాలి. అలాంటి ఏర్పాటు లేకపోతే, లేదన్న మాటైనా రాతలో వస్తుంది. ఆ రాత చాలా విలువైనది. వార్డు కమిటీ కావాలని రేపు మీరు అర్జీ పెట్టినప్పుడు దానికి జత చేయొచ్చు.

దరఖాస్తుకు తెల్లకాగితం చాలు, తెలుగులోనే రాయండి. పైన ‘పౌర సమాచార అధికారి, పురపాలక సంఘ కార్యాలయం, చిలకలూరిపేట’ అని, కింద ‘సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద దరఖాస్తు’ అని రాసి ఇలా అడగండి:

‘2020-21 నుంచి ఇప్పటివరకు 15వ ఆర్థిక సంఘం నిధులు ఏ ఏడాది ఎంత జమ అయ్యాయో, అందులో టైడ్, అన్‌టైడ్ వాటాలు ఎంతో తెలపండి. ఆ నిధులతో చేసిన పనుల జాబితా, వార్డు నంబరు, అంచనా విలువ, చెల్లించిన మొత్తం ఇవ్వండి. ఆ పనులను ఆమోదించిన కౌన్సిల్ తీర్మానాల నకళ్లు, చివరి ఆడిట్ నివేదిక నకలు ఇవ్వండి. మా వార్డుకు వార్డు కమిటీ ఉంటే సభ్యుల జాబితా, సమావేశాల మినిట్స్ ఇవ్వండి. సెక్షన్ 4(1)(బి)(7) కింద ప్రచురించిన వివరాల నకలు ఇవ్వండి.’

‘మా కాలవ ఎందుకు బాగు చేయలేదు’ అని మాత్రం అందులో రాయకండి. ఆఫీసులో ఉన్న కాగితం ఇవ్వడమే ఈ చట్టం కింద వాళ్ల బాధ్యత, సంజాయిషీ ఇవ్వడం కాదు. ‘మా వీధి కాలవ పనికి సంబంధించిన అంచనా, మంజూరు ఉత్తర్వు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) నకళ్లు’ అని రాస్తే తప్పించుకోవడానికి వీలుండదు. పని నడుస్తుంటే సెక్షన్ 2(జె) కింద చోటుకెళ్లి పనిని పరిశీలించవచ్చు, వాడిన సరుకు నమూనాను ధ్రువీకరించి ఇమ్మనవచ్చు.

రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఏమీ కట్టనక్కర్లేదు. ఎందుకు కావాలని ఎవరైనా అడిగితే చెప్పాల్సిన పనిలేదు, సెక్షన్ 6(2) ఆ మాట స్పష్టంగా చెప్పింది. రాయడం రానివాళ్లు నోటితో చెబితే అధికారే రాసిపెట్టాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. గడువు దాటితే ఆ సమాచారం ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, సగం సగం వచ్చినా 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. దరఖాస్తు ఇచ్చిన రోజునే తేదీ, ముద్ర వేసిన రసీదు తీసుకోవడం మరవకండి. గడువులన్నీ ఆ తేదీ మీదే నడుస్తాయి.

జవాబు వచ్చాక అభిప్రాయం చెప్పే పని మొదలవుతుంది. అందరం పొరపాటు పడేది సమయం దగ్గర. పనులు మొదలయ్యాక గోల చేస్తాం. ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, బడ్జెట్ లెక్కలు అంతకు కొన్ని నెలల ముందే ఆఫీసులో తయారవుతాయి. కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లోనే మీ వీధివాళ్లంతా కూర్చుని మూడంటే మూడు పనులు ఎంచుకోండి. పాతిక కోరికల అర్జీని ఎవరూ చివరిదాకా చదవరు. ‘మీరిచ్చిన జవాబు ప్రకారం తాగునీటి వాటాలో ఇంత వచ్చింది, మా వార్డుకు ఇంత ఖర్చయింది’ అని మొదటి వాక్యంలోనే రాయండి. కమిషనర్‌కు ఇచ్చి, నకలు కౌన్సిలర్‌కు ఇవ్వండి. ఇంకో నకలు సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించండి. కౌన్సిల్ పదవీకాలం ఐదేళ్లు. అది ముగిసి ప్రత్యేకాధికారి పాలన ఉన్నప్పుడు కూడా ఈ అర్జీ, సమాచార దరఖాస్తు రెండూ యథాతథంగా చెల్లుతాయి. అప్పుడు మాట్లాడటానికి కౌన్సిలర్ ఉండడు గనుక అవి ఇంకా అవసరం. 2026-31 అరవింద్ పనగరియా అధ్యక్షతన ఏర్పడిన 16వ ఆర్థిక సంఘం గ్రాంట్ల కాలం కాబట్టి, దరఖాస్తులో ఆ పద్దు కూడా విడిగా అడగండి.

కోర్టు సంగతి అడిగారు. ‘ఫలానా వీధికే ఖర్చు పెట్టండి’ అని కోర్టు సాధారణంగా చెప్పదు. చట్టం అప్పగించిన పని చేయకపోతే మాత్రం చేయమంటుంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు జనం మురుగు కాలవల గురించి మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లారు. తమ దగ్గర డబ్బు లేదన్నది మున్సిపాలిటీ వాదన. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ సాకు చెల్లదని తేల్చి, కాలవలు, మరుగుదొడ్లు కట్టించమంది. ఆ జనం వాడుకున్నది పాత నేర ప్రక్రియా స్మృతిలోని 133వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అదే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్‌లో ఉంది. ఆర్డీవో దగ్గర ఆ సెక్షన్ కింద అర్జీ పెట్టుకోవచ్చు.

దానికన్నా తేలిక దారి శాశ్వత లోక్ అదాలత్. నీటి సరఫరా, పారిశుధ్యం, ఆసుపత్రి సేవలు న్యాయ సేవల ప్రాధికార చట్టం 22-ఎ సెక్షన్ కింద ప్రజోపయోగ సేవలే. కోర్టులో దావా వేయకముందే అక్కడికి వెళ్లొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే తీర్పు ఇస్తారు. వకీలు లేకుండా వెళ్లడానికి భయమైతే, మహిళ కాబట్టి మీకు ఆ చట్టం 12వ సెక్షన్ కింద ఉచితంగా న్యాయవాది దొరుకుతారు. ఆదాయంతో పనిలేదు. పేట కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీని అడగండి. వెళ్లేటప్పుడు మున్సిపాలిటీ ఇచ్చిన రసీదు, 30 రోజుల్లో వచ్చిన జవాబు, రాకపోతే మొదటి అప్పీలు నకలు దగ్గర పెట్టుకోండి.