అద్దానికి ఆవిరి: లోపలా, బయటా?

వానాకాలంలో రాత్రి డ్యూటీ చేసే క్యాబ్ డ్రైవర్లు చాలామందికి ఒక అలవాటు ఉంటుంది. ముందు అద్దం మసకబారగానే ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ అందుకుని తుడిచేస్తారు. కాసేపు బాగానే ఉంటుంది. ఎదురుగా లారీ లైటు పడిందంటే ఆ గుడ్డ చారలన్నీ మెరిసి, ఉన్న దారి కూడా కనబడదు. గుడ్డ జోలికి పోయేముందు అద్దం మీద వేలితో ఒక గీత గీయండి. గీత పడితే తడి లోపల ఉన్నట్టు. పడకపోతే వైపర్ ఒక్కసారి తిప్పండి. మసక పోయిందంటే తడి బయట ఉంది. ఈ రెంటికీ చేయాల్సిన పనులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ముందు ఇది తేల్చుకోకుండా బటన్లు నొక్కితే ఉన్న మసక ఇంకా ముదురుతుంది.

లోపలి తడి సంగతి చూద్దాం. వానకు అద్దం చల్లబడి ఉంటుంది. బండిలో నలుగురు ఊపిరి వదులుతుంటారు, కాళ్ల దగ్గర తడి గొడుగులు, నానిన బూట్లు ఉంటాయి. ఆ తడి గాలి చల్లటి అద్దానికి తగిలి నీరవుతుంది. ఇక్కడే చాలామంది ఏసీ ఆపేస్తారు, "ఎలాగూ చల్లగానే ఉంది కదా" అని. కానీ ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని తడిని కూడా లాగేస్తుంది. డ్యాష్‌బోర్డు వెనకున్న చల్లటి కాయిల్ మీద ఆ తడి నీరై, గొట్టం గుండా బండి కిందికి కారిపోతుంది. ఎండాకాలంలో ఆగిన కారు కింద కనబడే చిన్న మడుగు అదే.

అందుకని వానలో ఏసీ వేసే ఉంచండి. గాలిని ముందు అద్దం మీదికి మళ్లించండి. లోపలి గాలినే తిప్పే బటన్ తీసేసి బయటి గాలి రానివ్వండి. ఆపైన టెంపరేచర్ నాబ్‌ను ఎరుపు వైపు తిప్పండి. ఏసీతో పాటు హీటరా అని మన దగ్గర చాలామంది నవ్వుతారు గానీ, అసలు కిటుకు ఇదే. గాలి కాయిల్ దగ్గర తడి పోగొట్టుకుని, ఆ తర్వాత వేడెక్కి అద్దానికి తగులుతుంది. అలా పొడిగా వెచ్చగా వచ్చిన గాలి అద్దం మీది తడిని వేగంగా పీల్చుకుంటుంది. పెట్రోలు, డీజిల్ బండ్లలో ఆ వేడి ఇంజన్ నుంచి ఎలాగూ వచ్చేదే, దానికి వేరే ఖర్చు లేదు. ఎలక్ట్రిక్ కారులో మాత్రం హీటర్ బ్యాటరీని తింటుంది, అవసరం తీరగానే తగ్గించుకోండి. వెనక అద్దానికి సన్నటి గీతలుంటే దాని బటన్ వేరు. అద్దం తేటపడ్డాక దాన్నీ ఆపేయవచ్చు.

లోపలి గాలి బటన్ గురించి ఇంకో మాట. బస్సు పొగ వెనక ఇరుక్కున్నప్పుడు దాన్ని నొక్కుతాం, తర్వాత మర్చిపోతాం. గంటల తరబడి అదే గాలి తిరిగితే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతగా ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి డ్రైవర్‌కు అస్సలు కూడని సంగతి అది.

మైలేజీ కోసం ఏసీ మాత్రం ఆపి ఫ్యాను ఉంచేవాళ్లకు ఇంకో చిక్కు. కాయిల్ మీద మిగిలిన నీరు మళ్లీ ఆవిరై అద్దం మీదికే వస్తుంది. అప్పటిదాకా తేటగా ఉన్న అద్దం చూస్తుండగానే తెల్లబడిపోతుంది. మలుపులో, ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆ పని చేయకండి.

ఇక బయటి తడి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు బండి నడిపేవాళ్లకు ఇది బాగా తెలుసు. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉందనుకోండి. అద్దం దాదాపు 26 డిగ్రీలకు దిగితే చాలు, చల్ల మజ్జిగ గ్లాసుకు పట్టినట్టు బయటివైపు నీరు పడుతుంది. మనమేమో ఏసీ 18లో పెట్టి గాలిని అద్దానికి కొడుతుంటాం. ఇక్కడ అద్దం బటన్ నొక్కి మరింత చల్లగాలి పంపితే మసక పెరుగుతుంది. గాలిని ముఖం వైపో కాళ్ల వైపో మళ్లించి, చల్లదనం తగ్గించి, వైపర్ వేయండి. పక్క అద్దాలను ఒకసారి పూర్తిగా దించి ఎత్తితే అంచు రబ్బరే చాలావరకు తుడిచేస్తుంది.

ఘాట్ రోడ్డులో ఈ రెండూ ఒకే ట్రిప్పులో ఎదురవుతాయి. ఎస్.కోటలో ఉక్కపోతకు ఏసీ పెంచుకుని బయలుదేరితే మొదట బయట తడి పడుతుంది. అనంతగిరి దాటి, దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకు వైపు పోయేకొద్దీ చలికీ జల్లుకూ లోపల పట్టడం మొదలవుతుంది. కింద పనిచేసిన ఉపాయం పైన పనిచేయదు, మళ్లీ వేలితో గీత గీసి చూసుకోవాల్సిందే. లంబసింగి లాంటి చోట చలికాలపు తెల్లవారుజామున చలి మరీ ముదిరితే ఏసీ కంప్రెసరే తిరగకపోవచ్చు. అప్పుడు బయటి గాలి, హీటర్, ఈ రెండే దిక్కు.

అద్దం లోపలివైపు జిడ్డు ఉంటే ఆవిరి త్వరగా పట్టుకుంటుంది. వారానికోసారి శుభ్రంగా కడిగి పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. షేవింగ్ ఫోమ్ పలచగా రాసి తుడిచే చిట్కా పనిచేస్తుంది, కొద్ది రోజులే. పొగాకు రుద్దే పాత లారీ పద్ధతి బయట వాన నీటి కోసం. లోపల రాస్తే వాసన తప్ప లాభం లేదు.

ఆఫీసు క్యాబులు నడిపేవాళ్లు బండి ఓనరుతో ముందే మాట్లాడుకోవడం మంచిది: "వానలో అద్దం కోసం ఏసీ వేస్తానండీ, మైలేజీ కాస్త తగ్గితే నన్ను అడగొద్దు." డీజిల్ లెక్క చూసే ఓనరుకు ఇది నచ్చకపోవచ్చు. అయినా బంపర్ విరిగితే అయ్యే ఖర్చు ఆయనకూ తెలుసు. బండెక్కే ఉద్యోగులు కూడా గొడుగు బయటే దులిపి ఎక్కితే డ్రైవర్‌కు సగం పని తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా ఎండ రోజుల్లో సైతం అద్దం మసకబారుతుంటే, ముందు సీటు కింద కార్పెట్ తడిమి చూడండి. తడిగా ఉంటే ఏసీ నీటి గొట్టం పూడి ఉండొచ్చు. మెకానిక్‌కు అది చిన్న పనే. తుడిచినా పోని జిగట పొర, తీపి వాసన ఉంటే మాత్రం హీటర్ దగ్గర కూలెంట్ కారుతోందని అనుమానించాలి. ఇంజన్ చల్లారాక కూలెంట్ మట్టం చూసుకోండి, తగ్గితే ఆ రోజే బండిని షెడ్డుకు తీసుకెళ్లండి.