డిసెంబరు యంత్రానికి ఏప్రిల్ పరీక్ష

ఆర్చర్డ్ పార్క్, న్యూయార్క్
అక్టోబరు 9

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ గృహప్రవేశం ఫోటోలు అత్తయ్య రోజుకోసారి తీసి చూసుకుంటోంది. పాలు పొంగుతున్న గిన్నె పక్కన నువ్వు నవ్వుతూ నిలబడ్డ ఫోటోలో, నీ వెనక కిటికీలోంచి డ్రైవ్‌వే కనిపించింది. గ్యారేజీ నుంచి రోడ్డు దాకా నల్లగా, నున్నగా, రెండు కార్లు పక్కపక్కన పట్టేంత వెడల్పు. అది చూసిన దగ్గర్నుంచి ఇంకో ఆరేడు వారాల్లో దాని మీద పడబోయే మంచు గురించే ఆలోచిస్తున్నాను.

మొన్న ఫోన్లో అడిగావు: "మామయ్యా, పక్క వీధిలో ఒకాయన పాత టూ-స్ట్రోక్ స్నోబ్లోయర్ అమ్ముతున్నాడు. చిన్నది, నేను ఒక్కదాన్నే తోసుకోగలను. తీసుకోనా?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదని ఆ పూట మాట దాటేశాను. ఇప్పుడు కుదురుగా కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు, మీ ఆయనకీ చదివి వినిపించు.

ముందు మంచు సంగతి. మీ రోచెస్టర్‌లో ఒక్క చలికాలంలో సగటున 100 అంగుళాల దాకా మంచు కురుస్తుంది. ఆంటారియో సరస్సు నీళ్ళలో వేసవి వెచ్చదనం ఇంకా మిగిలి ఉండగానే, కెనడా వైపు నుంచి చలిగాలి దాని మీదుగా వీస్తుంది. దారిలో తేమను తాగి, ఒడ్డు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. మాకు ఈరీ సరస్సు ఏ పని చేస్తుందో, మీకు ఆంటారియో అదే చేస్తుంది.

మీ డ్రైవ్‌వే 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉంటుందనుకో. దాని మీద ఆరంగుళాల మంచు పడితే 320 ఘనపుటడుగులు. పొడి మంచైనా ఘనపుటడుగు ఏడు పౌన్ల చొప్పున లెక్క వేస్తే మొత్తం ఒక టన్ను తూగుతుంది. తడిసి ముద్దయిన మంచైతే మూడు టన్నులకు దగ్గరవుతుంది. ఆఫీసుకు వెళ్ళే తొందరలో, తెల్లవారకముందే, అంత బరువూ పారతో ఎత్తి పక్కన పోయాలి. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు అలాగే చేశాను, నడుం పట్టేసి వారం మంచం దిగలేదు. నడుం సంగతి అటుంచు, గడ్డకట్టే చలిలో రక్తనాళాలు బిగుసుకుపోయి ఉన్నప్పుడు హఠాత్తుగా బరువులెత్తితే గుండె మీద భారం పడుతుంది. ఇక్కడ ఏటా మంచు ఎత్తుతూ కుప్పకూలిన వాళ్ళ కబురు వింటూనే ఉంటాం. అందుకే యంత్రం కొనుక్కోవాలన్న నీ ఆలోచన సరైనదే. ఏ యంత్రం అన్నదే మిగిలిన ప్రశ్న.

యంత్రాన్ని చూసే ముందు నేలను చూడాలి. చిన్న స్నోబ్లోయర్లో తిరిగే రబ్బరు రెక్కలు నేలను రాసుకుంటూ మంచును లాక్కుని, ఒకే ఊపులో పైగొట్టంలోంచి విసిరేస్తాయి. పెద్ద యంత్రంలో ఇనుప మర ఒకటి మంచును లోపలికి లాగితే, వెనకున్న ఫ్యాను విసురుతుంది. దాన్ని నేలకు కాస్త ఎత్తులో నిలబెట్టుకోవచ్చు కాబట్టి కంకర దారి ఉన్నవాళ్ళకు అదే గతి. చిన్నది కంకర మీద నడిపితే రాళ్ళు తుపాకి గుళ్ళలా ఎగిరొస్తాయి. మీది తారు వేసిన దారి. రబ్బరు రెక్కలు దాన్ని చీపురుతో ఊడ్చినట్టు నల్లగా తేలుస్తాయి. పైగా హ్యాండిల్ కొంచెం పైకెత్తితే రెక్కలు నేలను పట్టుకుని యంత్రాన్ని అవే ముందుకు లాక్కెళతాయి. 21 అంగుళాల వెడల్పుదైతే మీ దారికి పదో పన్నెండో వరసలు, అరగంట పని.

ఇక టూ-స్ట్రోక్ మాట. ఈ ఇంజిన్ నీకు కొత్త కాదు. గుంటూరు బ్రాడీపేటలో మీ తాతయ్యకు బజాజ్ చేతక్ ఉండేది, గుర్తుందా? నువ్వు ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకునేదానివి. పొద్దున్నే తాతయ్య దాన్ని ఒక పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి కిక్కు కొట్టేవారు. పెట్రోలు బంకులో కుర్రాడు చిన్న కొలత గ్లాసుతో ఆయిల్ పోసి, ఆ పైన పెట్రోలు కొట్టేవాడు. ఆ నీలి పొగ, ఆ వాసన, ఆ టక టక చప్పుడు. నువ్వు కొనాలనుకుంటున్న యంత్రంలో ఉన్నది ఆ జాతి ఇంజినే.

మామూలు కారులో ఉండే ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి మండుతుంది. ఇది చుట్టు చుట్టుకీ మండుతుంది. వాల్వులు లేవు, అడుగున ఆయిల్ తొట్టి లేదు. అందుకే చిన్న ఒంట్లో పెద్ద బలం, మెట్టు ఎక్కించాల్సి వస్తే నువ్వే ఎత్తుకోగలిగేంత తేలిక. గడ్డకట్టే చలిలో ఆయిల్ చిక్కబడి ఇంజిన్ మొరాయించే బాధ కూడా తక్కువ. టోరో కంపెనీ సీసీఆర్ 2450, సీసీఆర్ 3650 లాంటివి ఈ తరహావే. మా గ్యారేజీలో ఉన్నదీ అలాంటిదే. పొగ ఎక్కువనీ, ఆయిల్ కలపడం తలనొప్పి అనీ జనం ఫోర్-స్ట్రోక్ వైపు మళ్ళారు. కంపెనీలూ అటే నడిచాయి. కాబట్టి ఇప్పుడు టూ-స్ట్రోక్ అంటే ఎవరో ఒకరు వాడిందే దొరుకుతుంది. ఎలా వాడారన్నదే నువ్వు కనిపెట్టాలి.

చూడటానికి వెళ్ళినప్పుడు అమ్మేవాణ్ణి ఏమీ అడగక ముందే సైలెన్సర్ మీద చేయి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే ఒకసారి స్టార్ట్ చేశాడన్నమాట. వేడి మీదున్న ఇంజిన్ ఏదైనా పలుకుతుంది, చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు లాగుళ్ళకు పలికితేనే మంచిది. స్పార్క్ ప్లగ్గు తీగ ఊడదీసి, తాడు నెమ్మదిగా లాగు. లోపల గట్టిగా ఎదురు తిరగాలి. బావిలో నిండు బక్కెట తోడినట్టు చేతికి బరువు తెలియాలి. ఖాళీ బక్కెటలా వచ్చేస్తే దండం పెట్టి వచ్చెయ్.

అమ్మే ఆయన ఒప్పుకుంటే సైలెన్సర్ విప్పించి, టార్చిలైటుతో ఆ కంతలోంచి లోపలికి చూడు. తాడు కొద్ది కొద్దిగా లాగుతుంటే పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ కనిపిస్తుంది. దాని పక్కలు కొత్త స్టీలు గ్లాసులా నున్నగా ఉంటే సంతోషం. పిల్లి గీరినట్టు నిలువు గీతలు కనిపిస్తే మాత్రం, ఆ ఇంజిన్‌లో ఎవరో ఆయిల్ కలపని పెట్రోలు పోసి నడిపి ఉండొచ్చు. పెట్రోలుతో పాటు వచ్చే ఆయిలే దీనికి ప్రాణం, వేరే ఆధారం లేదు. ఒట్టి పెట్రోలు మీద కొన్ని నిమిషాలు నడిచినా పిస్టన్ గీసుకుపోతుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు. ఆ తర్వాత రబ్బరు రెక్కలు, అడుగున నేలను గీరే పట్టీ, బెల్టు చూడు. ఇవి అరిగితే మార్చుకోవచ్చు. ధర మాట్లాడేటప్పుడు వాటి ఖర్చు తగ్గించుకుని అడుగు.

పెట్రోలు, ఆయిల్ పాళ్ళు ఆ యంత్రం మూత మీదో, పుస్తకంలోనో రాసి ఉంటాయి. నేను చెప్పిన టోరోలకు 50కి 1. అంటే ఇక్కడి గ్యాలన్‌కు దాదాపు 76 మిల్లీలీటర్లు. సరిగ్గా ఒక గ్యాలన్‌కు సరిపోయే చిన్న సీసాలు దొరుకుతాయి, లెక్క తప్పే భయం ఉండదు. కొన్ని పాత యంత్రాలకు 32కి 1 కావాలి. కాబట్టి నా మాట మీద కాకుండా మూత మీది మాట మీద నడుచుకో. కలిపిన డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి, తేదీ వేసి, విడిగా పెట్టు. మీ ఆయన పొరపాటున గడ్డి కోసే యంత్రం పెట్రోలు ఇందులో పోస్తే, అక్కడితో దీని కథ ముగిసినట్టే.

ఇప్పుడు అసలు చెప్పదలుచుకున్న మాట. ఈ యంత్రాల్ని చలి చంపదు, ఖాళీగా కూర్చున్న వేసవి చంపుతుంది. ఇక్కడి బంకుల్లో అమ్మే పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కార్బ్యురేటర్‌లో నిలవుంటే పెట్రోలు బంకలా అతుక్కుని, వెంట్రుకంత సన్నటి కంతలను మూసేస్తుంది. నా మొదటి యంత్రం అలాగే పాడైంది. మార్చి ఆఖరి మంచు తీసి, అరలీటరు పెట్రోలు అందులోనే వదిలి గ్యారేజీ మూలకు తోశాను. నవంబరులో తాడు లాగి లాగి భుజం వాచిందే తప్ప అది పలకలేదు. కార్బ్యురేటర్ విప్పితే అడుగున తేనె రంగు జిగురు, గోటితో గీకినా రాలేదు.

మీ తాతయ్యకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వేసవి సెలవులకు ఊరెళ్ళే ముందు చేతక్ సీటు కింద పెట్రోలు నాబ్ కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగిపోయే దాకా పక్కనే నిలబడేవారు. ఎందుకని అడిగితే, "దాని కడుపులో ఏమీ మిగలకూడదురా" అనేవారు. నువ్వూ అదే చెయ్. ఏప్రిల్‌లో ట్యాంకులోది చేతిపంపుతో తోడేసి, మిగిలిందంతా మండి ఇంజిన్ ఆగే దాకా బయట నడుపు. చోక్ వేసి మళ్ళీ లాగు, మళ్ళీ ఆగనీ. ఇక ఎంత లాగినా పలకదు అనేదాకా చేసి, అప్పుడు లోపల పెట్టు. ఇథనాల్ లేని పెట్రోలు దగ్గర్లో దొరికితే ఏడాదంతా అదే వాడు. మార్చిలో తక్కువ తక్కువ కలుపుకో, మిగలకుండా ఉంటుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఇవి మాత్రం ఆజ్ఞ అనుకో. తడి మంచు గొట్టంలో ఇరుక్కుంటుంది. ఇంజిన్ ఆపినా సరే, చేయి లోపల పెట్టకు. బిగుసుకున్న బెల్టులో దాగిన ఒత్తిడి, ముద్ద వదలగానే రెక్కల్ని ఒక్కసారి తిప్పుతుంది. మా స్నేహితుడొకరు అలా రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నారు. ఇంజిన్ ఆపి, రెక్కలు నిలిచాక, కర్రతోనే పొడువు. ముందే గొట్టం లోపల సిలికోన్ స్ప్రే కొడితే మంచు అంతగా అంటుకోదు. రెండోది, తలుపు తెరిచే ఉంది కదా అని గ్యారేజీలో స్టార్ట్ చెయ్యకు. బయటికి తోసుకెళ్ళాకే తాడు లాగు. ఆ పొగలో కంటికి కనపడని విషం ఉంటుంది, గ్యారేజీ వెనక గదిలోనే మీ పాప పడుకుంటుంది.

ఇంత చెప్పి దాని హద్దు చెప్పకపోతే తప్పవుతుంది. 2014 నవంబరులో మా బఫెలో నగరానికి దక్షిణాన అయిదడుగులకు పైగా మంచు పడింది. గ్యారేజీ తలుపు పైకి లేపితే ఎదురుగా తెల్లటి గోడ, దాని మీద తలుపు పలకల అచ్చు. నా యంత్రం పక్కనే ఉంది గానీ, దాన్ని పెట్టడానికి అడుగు చోటు లేదు. ఆ మంచును పెద్ద లోడర్లు వచ్చి ఎత్తాయి. అలాంటి రోజును చూసి ఇంటి యంత్రం కొనకూడదు. వారం వారం పడే నాలుగైదు అంగుళాల కోసం కొనుక్కో. ఎక్కువ కురిసే రోజున నాలుగైదు అంగుళాలకోసారి బయటికి వెళ్ళి తీసెయ్. రోడ్డు ప్లౌ వచ్చి డ్రైవ్‌వే మొదట్లో వేసి పోయే ఉప్పు కలిసిన మంచు గడ్డల్ని పారతో పగలగొట్టి, యంత్రంతో సగం సగం వెడల్పున కొరికించు.

బ్యాటరీవి కొత్తవి చాలా వచ్చాయి. చప్పుడు తక్కువ, పొగ లేదు, పెట్రోలు గొడవ లేదు. చలిలో ఛార్జి త్వరగా తరుగుతుందన్నది లోటు. ఫోర్-స్ట్రోక్ చిన్నవీ మంచివే. అవి తీసుకున్నా నేనేమీ అనుకోను.

ఆ పక్క వీధి యంత్రం ముందు నిలబడినప్పుడు, "ఇది డిసెంబరులో పలుకుతుందా?" అని దాన్ని పరీక్షించు. ఆ తర్వాత నిన్ను నువ్వు అడుగు: "ఏప్రిల్‌లో, పూలు పూసే వేళ, ఇక మంచే రాదనిపించే ఎండలో, అరగంట దీనికోసం నిలబడతానా?" అని. నిలబడతానంటే బేరం చేసి తీసుకో, పదిహేనేళ్ళు నీ మాట వింటుంది. లేదనిపిస్తే బ్యాటరీది కొనుక్కో. అందులో తప్పేమీ లేదు.

వచ్చే శనివారం వరకు ఆ అమ్మే ఆయన్ని ఆగమను. గంటంబావు ప్రయాణమే, నేనూ అత్తయ్యా వస్తాం. సైలెన్సర్ విప్పడానికి రెంచీ నేను తెస్తాను. అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టింది, అదీ తెస్తాం. పాపకు ముద్దులు.

ఆశీస్సులతో
మామయ్య