యోగా: ఆసనం మూడో మెట్టే
పోటీ పరీక్షల ప్రత్యేకం

యోగా అనగానే ఆసనాలే గుర్తొస్తాయి. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. ముందు నడవడిక, తర్వాత శరీరం, శ్వాస, చివరికి మనసు. ఈ వరుస అర్థమైతే బట్టీ పట్టే పని తగ్గుతుంది.

ముఖ్యాంశాలు
• షడ్దర్శనాల్లో యోగం ఒకటి. సాంఖ్యానికి దగ్గరిది.
• పతంజలి యోగసూత్రాల్లో 4 పాదాలు: సమాధి, సాధన, విభూతి, కైవల్య.
• అష్టాంగాలు: యమ, నియమ, ఆసన, ప్రాణాయామ, ప్రత్యాహార, ధారణ, ధ్యాన, సమాధి. చివరి మూడూ కలిస్తే సంయమం.
• యమాలు 5: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం.
• నియమాలు 5: శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వర ప్రణిధానం.
• హఠయోగ ప్రదీపిక కర్త: స్వాత్మారాముడు.
• జూన్ 21 అంతర్జాతీయ యోగా దినోత్సవం. ఐరాస సాధారణ సభ 2014 డిసెంబరు 11న తీర్మానించింది. 2015 నుంచి జరుపుతున్నారు.
• యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు: 2016.
• 2025లో 11వ దినోత్సవ జాతీయ వేదిక: విశాఖపట్నం.

చేసి చూడండి
నాడీశోధన ప్రాణాయామానికి వెన్ను నిటారుగా ఉంచి కూర్చోండి. కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి, ఎడమ వైపు నుంచి గాలి పీల్చండి. ఉంగరపు వేలితో ఎడమ ముక్కు మూసి, కుడి నుంచి వదలండి. మళ్లీ కుడి నుంచి పీల్చి ఎడమ నుంచి వదిలితే ఒక ఆవృత్తి. ఊపిరి బిగబట్టొద్దు, తొందరపడొద్దు.

మాదిరి ప్రశ్న
ఇంద్రియాలను బయటి విషయాల నుంచి మళ్లించే అంగం ఏది?
జవాబు: ప్రత్యాహారం (5వ అంగం).