పాత చట్టాల పుస్తకం మళ్లీ వేసేవారికి

కొత్తచెరువు, బుక్కపట్నం పల్లెల్లో ఇనాం భూమి మీద తగాదా వస్తే చివరికి కోర్టుకు చేరేది ఇనాం ఫేర్ రిజిస్టర్ నకలు. ఆ నకలును అర్థం చేసుకోవడానికి కావలసిన పుస్తకాలేమో అంగట్లో దొరకవు. అలాంటివి వెతికి అచ్చువేయించే పనిలోనే నాకు వయసు మీరింది. ఇప్పుడు ఆ పనిలోకి దిగే పిల్లలకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. ఎవరికి పనికొస్తుందో ముందు చూడండి. మన సీమలో చెరువు తవ్వించినవారికి, కట్ట బాగోగులు చూసేవారికి దశబంధం కింద భూమి ఇచ్చేవారు. ఆ హక్కు ఎలాంటిదో, దాని వెంట వచ్చే బాధ్యత ఏమిటో 1956 నాటి ఇనాం రద్దు చట్టం ఒక్కటే చదివితే తెలియదు. 1855లో లండన్‌లో వెలువడిన విల్సన్ రెవెన్యూ పదకోశం, 1905లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం గెజిటీర్ పక్కన ఉండాలి.

2. కాపీరైట్ హక్కుల లెక్క కట్టండి. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, ప్రభుత్వ ప్రచురణకైతే అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఫ్రాన్సిస్ పుస్తకం ఎవరైనా వేయొచ్చు. 1970 నాటి అనంతపురం గెజిటీర్‌కు 2030 ఆఖరుదాకా ఆగాల్సిందే. కోర్టు తీర్పు అందరిదీ. దాని నెత్తిన సంపాదకుడు రాసిన హెడ్‌నోట్ మాత్రం ముట్టుకోవద్దు.

3. ఏ ముద్రణో అట్టమీదే చెప్పండి. బ్రౌన్ తెలుగు నిఘంటువు 1852 నాటిది. 1903లో వెంకటరత్నం, క్యాంప్‌బెల్, వీరేశలింగం దాన్ని సవరించారు. రెండూ ఒకటి కావు. పేరొక్కటే వేసి ఊరుకుంటే చదివేవాడికి అన్యాయం చేసినట్టే.

4. అన్నిటికన్నా ఇది గట్టిగా పట్టుకోండి: సవరణ చీటీలు పీకకండి. తాలూకా కచేరీల్లో వాడిన రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్ల పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుంటే పేజీ పేజీకీ సన్నటి కాగితం ముక్కలు అంటించి ఉంటాయి. మద్రాసు నుంచి సవరణ వచ్చినప్పుడల్లా గుమాస్తా పాత పేరా మీద కొత్తది మైదాపిండితో అతికించేవాడు. కొన్ని ఒక అంచునే అంటించి ఉంటాయి, ఎత్తితే కింద పాత పాఠం కనిపిస్తుంది. అప్పుడు రెండు ఫొటోలు తీయండి, చీటీ మూసి ఒకటి, ఎత్తి ఒకటి. అచ్చులో రెండూ ఎదురెదురుగా వేయండి. పట్టా ఇచ్చిన రోజున ఏ నియమం నడుస్తోందన్నదే కోర్టు అడిగేది. చీటీ మీది తేదీ పోతే జవాబూ పోతుంది. పాత స్పెల్లింగ్ దిద్దాలన్న ఉబలాటం కూడా మానుకోండి. దొర రాసిన ఊరి పేరు వంకరగా ఉంటే అలాగే ఉండనిచ్చి, అడుగున మన పేరు రాయండి.

5. ఫారాలు కుట్టించండి. జిగురు బైండింగ్ మన ఎండలకు పెళుసెక్కి, పుస్తకం పూర్తిగా తెరిస్తే రేకులు రేకులుగా ఊడుతుంది.

6. చెల్లని చట్టమైతే మొదటి పేజీలోనే రాయండి. 1894 భూసేకరణ చట్టం మీద వ్యాఖ్యానం వేస్తున్నామనుకోండి, 2014 జనవరి 1 నుంచి 2013 నాటి కొత్త చట్టం దాని స్థానంలో ఉందని పెద్దక్షరాల్లో చెప్పాలి. భూమి పోయిన రైతు ఆ పుస్తకం పట్టుకుని ప్లీడరు దగ్గరికి వెళ్తాడు.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. వాళ్ల ఇళ్ల అటకల మీద ఇలాంటి పుస్తకాలు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే పాత పేపర్లవాడికి తూకానికి వేయకండి. ముందు ఒక్కసారి దగ్గరలోని గ్రంథాలయంలో చూపించండి.