కణంలో కాల్షియం: అంత తక్కువ ఎందుకు?

కాల్షియం అనగానే ఎముకలు, పళ్లు గుర్తొస్తాయి. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఉండేదీ అక్కడే. పరీక్షల్లో చిక్కు ప్రశ్నలు మాత్రం మిగిలిన 1 శాతం మీద వస్తాయి.

కణాల చుట్టూ ఉన్న ద్రవంలో స్వేచ్ఛా కాల్షియం అయాన్ల గాఢత సుమారు 1.2 మిల్లీమోలార్. విశ్రాంతి దశలోని కణద్రవంలో అది దాదాపు 100 నానోమోలార్ మాత్రమే. తేడా 10 వేల రెట్ల పైమాటే! (నానో, మైక్రోల దగ్గరే చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు.) దీన్ని నిలబెట్టడానికి కణం ఏటీపీని ఖర్చుచేస్తూ అయాన్లను బయటికో, అంతర్జీవద్రవ్యజాలంలోకో తోడిపోస్తూనే ఉంటుంది. ఎందుకీ శ్రమ? కాల్షియం పేరుకుంటే ఫాస్ఫేట్‌తో కలిసి అవక్షేపమవుతుంది. కణం నడిచేదే ఫాస్ఫేట్ల మీద.

అసలు లాభం వేరే ఉంది. సద్దుమణిగిన ఇంట్లో గుసగుస కూడా వినబడుతుంది కదా! స్థాయి 1 మైక్రోమోలార్‌కు చేరితే చాలు, కణం స్పందిస్తుంది. రేఖిత కండరంలో అయాన్లు ట్రోపోనిన్-సికి అతుక్కుని సంకోచం మొదలవుతుంది. అరేఖిత కండరంలో ఆ పని కాల్‌మాడ్యులిన్‌ది. ఇది 4 అయాన్లను పట్టుకుంటుంది. ఏ కండరానికి ఏ ప్రోటీన్ అన్నది తారుమారు చేసి అడుగుతారు. విశ్రాంతి స్థాయే పెరిగిపోతే గుండె కండరం పూర్తిగా సడలదు. మరీ ఎక్కువై తగ్గకుండా ఉంటే కణం చనిపోతుంది.

గుండెకు కాల్షియం ఎంత అవసరమో చూపిన ప్రయోగాలు, 1883లో వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెపై చేసినవి, గుర్తుంచుకోండి. స్వేదనజలంతో చేసిన ఉప్పు ద్రావణంలో ఆగిపోయిన గుండె, లండన్ కుళాయి నీళ్లతో చేసినదాంట్లో కొట్టుకుంది. ఆ నీళ్లలోని కాల్షియమే కారణం. ఆసుపత్రుల్లో ఎక్కించే ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్‌లో ‘ఆర్’ ఆయన పేరే.